చిందు ఆటకు ఫోటో తీద్దామా?

బాలలూ! కామారెడ్డి, ఎల్లారెడ్డి 2016 వరకు నిజామాబాదు జిల్లాలోనివే. చిందు యక్షగానానికి ఆ జిల్లా పెట్టింది పేరు. ప్రసిద్ధ కళాకారిణి చిందు ఎల్లమ్మ ఆ జిల్లావారే. కిరీటం, భుజకీర్తులు ధరించి, గజ్జెలు ఘల్లుమనేలా ఆడే వేషధారికి రాత్రివేళ ఫోటో తీస్తే, కాళ్ళూ చేతులూ తరచు అలుక్కుపోయినట్లు వస్తాయి. ఎందుకని?

లెక్క వేద్దాం. పాదం సెకనుకు 2 మీటర్ల వేగంతో కదులుతోందనుకోండి. కెమెరా షట్టర్ సెకనులో 30వ వంతు కాలం తెరుచుకుంటే, ఆలోగా పాదం సుమారు 7 సెంటీమీటర్లు జరుగుతుంది. 500వ వంతు కాలమే తెరిస్తే 4 మిల్లీమీటర్లే! కానీ అప్పుడు లోపలికి చేరే వెలుతురు దాదాపు 17వ వంతుకు తగ్గి, బొమ్మ నల్లబడుతుంది.

మరి ఫ్లాష్ వెలిగిస్తే? దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతే అందుతుంది. కిరీటంలో అద్దాలుంటే, ఎదురుగా ఉన్నవి ఆ కాంతిని కెమెరాలోకే తిప్పికొడతాయి. అంతకన్న ముఖ్యం, ఆడేవారి కళ్ళు చెదిరి అడుగు తప్పవచ్చు.

ఒక ఉపాయం ఉంది. పైకెగిరిన వేషధారి కిందికి దిగబోయే ముందు, ఒక్క క్షణం పైకీ కిందికీ వేగం సున్న. అప్పుడే మీట నొక్కండి. మద్దెల దెబ్బను శ్రద్ధగా వింటే ఆ క్షణం ముందే తెలిసిపోతుంది.

అయితే తీసేముందు వారి అనుమతి అడగండి. ఒక ప్రతిని వారికీ ఇవ్వండి.