గడ్డిలో దాగిన క్లోరిన్

వరి కోతలయ్యాక మిగిలే గడ్డిని పొలంలోనే తగలబెట్టే బదులు ఇంధనంగా వాడుకుంటే పొగ బెడద తగ్గుతుంది, బొగ్గూ ఆదా అవుతుంది. ఈ ఉద్దేశంతోనే థర్మల్ విద్యుత్ కేంద్రాలు బొగ్గుతోపాటు వ్యవసాయ వ్యర్థాల గుళికలను కూడా మండించాలని కేంద్ర విద్యుత్ శాఖ 2021లో విధానం ప్రకటించింది. మంచిదే. కాని గడ్డీ కట్టే ఒకటి కావు. తేడా క్లోరిన్‌లో ఉంది.

కట్టెలో క్లోరిన్ నామమాత్రం. వరిగడ్డిలో అది సుమారు అర శాతం దాకా ఉంటుంది. ఎక్కడిదీ క్లోరిన్? మొక్క నేలలోంచి, నీటిలోంచి పీల్చుకున్నదే. మనం చల్లే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ కూడా పొటాషియం క్లోరైడే. దాని బరువులో దాదాపు సగం క్లోరినే!

పెద్ద మంట ఉంటేనే ఇది బయటికొస్తుందనుకుంటే పొరపాటు. గడ్డిని గాలి తగలనీయకుండా 200–300 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర వేపి, బొగ్గులాంటి ఇంధనంగా మార్చే పద్ధతి ఒకటుంది. ఆ పాటి వేడికే క్లోరిన్‌లో కొంత హైడ్రోజన్ క్లోరైడుగా, మిథైల్ క్లోరైడుగా లేచిపోతుంది. అతి స్వల్పంగా ఉండే బ్రోమిన్ కూడా ఇదే దారి పట్టి మిథైల్ బ్రోమైడ్ అవుతుంది. మొదటిది ఘాటైన ఆమ్ల వాయువు. తక్కిన రెండూ పై వాతావరణానికి చేరి ఓజోన్ పొరకు చేటు చేస్తాయి.

వేడి 700 డిగ్రీలు దాటితే పొటాషియం క్లోరైడే ఆవిరవుతుంది. అది బాయిలరు గొట్టాలమీద పేరుకుని ఇనుమును తినేస్తుంది. సరిగా మండని పొగ 200–450 డిగ్రీల మధ్య చల్లారేటప్పుడు, బూడిద రేణువులమీద డయాక్సిన్లు అనే విషాలు తయారయ్యే ప్రమాదమూ ఉంది.

మరి ఉపాయం? మన కళ్లెదుటే ఉంది. క్లోరైడ్ నీళ్లలో ఇట్టే కరుగుతుంది. పనలమీద వాన పడితే, గడ్డి రంగు మారి పశువులు ముట్టవని మన రైతు దిగులుపడతాడు. గడ్డితో విద్యుత్తు తీసే డెన్మార్కులో మాత్రం, వానకు నాని బూడిదరంగు తిరిగిన గడ్డే బాయిలరుకు మేలంటారు! పొలంలో నాలుగు వానలకు వదిలినా, కట్టేముందు నీళ్లతో కడిగినా క్లోరిన్‌లో చాలా భాగం పోతుంది. పొలంలోనే కడిగితే పొటాషియం తిరిగి నేలకే చేరుతుంది. అయితే తడిసిన గడ్డిని మళ్లీ ఆరబెట్టాలి, అది ఖర్చే.

పొలంలోని పొగను గొట్టంలోకి మళ్లించినంత మాత్రాన పని అయిపోలేదు. రేపు మనలో ఎవరైనా అలాంటి బాయిలరు దగ్గర ఉద్యోగానికి చేరితే, గడ్డి ధర, తేమ అడిగి ఊరుకోకూడదు. క్లోరిన్ ఎంతో కూడా అడగాలి. ఆ గొట్టం పక్కనే ఊరుంటుంది.