ఓవెన్ లేని ఖోలీలో బ్రౌనీ

పొంగకపోతే కేకు పాడైనట్టు. పొంగితే బ్రౌనీ పాడైనట్టు. అందుకే ముంబయి చాళ్లలోని ఒంటిగది ఇళ్ల వంటగట్టుకు ఇంతకన్నా తగిన బేకరీ తీపి లేదు.

ముంబయి కామాఠీపురలో గల్లీలకు నంబర్లే పేర్లు. నిజాం ఇలాకా నుంచి కట్టడం పనులకు వలస వచ్చిన కామాటీలు స్థిరపడిన పేట ఇది. ఇక్కడి పాత చాళ్లలో పొయ్యి, పడక, దేవుడి పటం అన్నీ ఒక్క ఖోలీ (గది)లోనే. ఓవెన్ పెట్టేందుకు చోటెక్కడ?

అలాగని భట్టీ రుచి తెలియని వాళ్లు కాదు. దీపావళి ముందు ఇంట్లో కలిపిన నానఖటాయి పిండిని ట్రేల్లో సర్ది, వీధి బేకరీలో కాల్పించుకురావడం ముంబయి చాళ్లకు పాత అలవాటు. బ్రౌనీకి ఆ నడక కూడా అక్కర్లేదు.

డబ్బా కోసమే పుట్టింది

1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనకు వచ్చే మహిళల భోజనం డబ్బాల్లో ఇమిడే తీపి కావాలని పామర్ హౌస్ హోటల్ యజమాని భార్య బెర్తా పామర్ అడిగితే, ఆ హోటల్ వంటవాళ్లు బ్రౌనీని చేశారని చెబుతారు. ముంబయిలో 2004లో కొలాబాలో మొదలైన థియోబ్రోమా బేకరీ బ్రౌనీలతోనే పేరు తెచ్చుకుంది.

గుట్టంతా మైదాలో

మైదా పెరిగితే బ్రౌనీ కేకవుతుంది. తగ్గించి వెన్న, చాక్లెట్ పెంచితే ముద్దగా, తడిగా వస్తుంది. బేకింగ్ పౌడర్ వద్దు. మైదా వేశాక ఎక్కువ కలిపితే జిగురు సాగి ముక్క గట్టిపడుతుంది. పొడి కనిపించకుండా పోగానే గరిటె ఆపేయాలి.

ఆరంగుళాల గిన్నెకు 100 గ్రాముల డార్క్ చాక్లెట్, 100 గ్రాముల వెన్న, 150 గ్రాముల పంచదార, రెండు గుడ్లు, 50 గ్రాముల మైదా, 25 గ్రాముల కోకో, చిటికెడు ఉప్పు. చాక్లెట్, వెన్న వేడినీళ్ల గిన్నెపై కరిగించాలి. అందులో నీటిచుక్క పడితే చాక్లెట్ గడ్డకడుతుంది, జాగ్రత్త. గుడ్లు, పంచదార బాగా గిలక్కొట్టి, గోరువెచ్చటి చాక్లెట్ కలిపి, చివర్లో మైదా, కోకో జల్లించి వేయాలి.

పాత మందపాటి గిన్నెలో ఉప్పు పరిచి, స్టాండ్ పెట్టి, మూతవేసి పది నిమిషాలు వేడిచేయాలి. కుక్కరైతే గాస్కెట్, విజిల్ తీసేయాలి, నీళ్లు పోయకూడదు. వెన్న రాసి కాగితం పరిచిన గిన్నెలో పిండి పోసి, లోపల దించి, సన్నమంటపై 35–40 నిమిషాలు ఉంచాలి. పుల్ల గుచ్చితే తడి తునకలు అంటుకోవాలి. శుభ్రంగా వచ్చిందంటే అదను దాటిపోయినట్టే. పైనుంచి సెగ తగలదు కాబట్టి ఓవెన్ బ్రౌనీకి వచ్చే మెరిసే పగుళ్ల పొర అంతగా రాదు. లోపలి మెత్తదనానికి మాత్రం లోటుండదు.

కోకో మన తోటలదే

దేశంలో కోకో అత్యధికంగా పండించేది ఆంధ్రప్రదేశే. ఏలూరు, పశ్చిమగోదావరి జిల్లాల్లో కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడలో ఇది అంతరపంట. కాయ పగలగొట్టి, తెల్లటి గుజ్జు అంటుకున్న గింజలను ఐదారు రోజులు పులియబెట్టి ఎండబెడతారు. చాక్లెట్ వాసనకు పునాది పడేది అక్కడే. 2023లో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో మొదలైన ‘మనం చాక్లెట్’ సంస్థ ఈ గింజలతోనే బార్లు చేస్తోంది.

ముంబయి క్రాఫర్డ్ మార్కెట్‌కు వెళ్తే చాక్లెట్ పక్కనే చవగ్గా కాంపౌండ్ దొరుకుతుంది. అందులో కోకో బటర్‌కు బదులు వేరే వెజిటబుల్ ఫ్యాట్ ఉంటుంది. గిన్నె పాతదైనా, పొయ్యి చిన్నదైనా బ్రౌనీ సర్దుకుపోతుంది, చాక్లెట్ దగ్గర మాత్రం సర్దుకోదు. కొనేముందు రేపర్ వెనక కోకో బటర్ అని ఉందో లేదో చదవండి. ఇక చేసిన బ్రౌనీని పూర్తిగా చల్లారాకే కోయండి.