మెరుపు రేకలు ఎందుకు మాసిపోతాయి?

రంగుతో పాటు అతి సన్నని లోహపు రేకలను కూడా కలిపి తయారుచేసే పెయింటును మెటాలిక్ పెయింటు అంటారు. 1961 మార్చిలో జెనీవాలో లోకానికి పరిచయమైన జాగ్వార్ ఈ-టైప్, 1963 నమూనాగా వచ్చిన షెవ్రొలే కార్వెట్ స్టింగ్ రే, 1964 నాటి 'గోల్డ్‌ఫింగర్' చిత్రంలో కనిపించిన ఆస్టన్ మార్టిన్ డీబీ5 వంటి స్పోర్ట్స్ కార్ల అందంలో ఈ రేకలకు పెద్ద వాటా ఉంది. అయితే ఫ్యాక్టరీలో వేసిన అసలు రంగుతోనే నేటికీ మిగిలిన కార్లను పక్కపక్కన నిలబెట్టి చూస్తే, ఎరుపు, నలుపు వంటి సాదా రంగులు కాస్త పాలిష్‌తో మళ్లీ కళకళలాడుతుండగా, మెటాలిక్ రంగులు మాత్రం మసకబారి, మచ్చలు పడి, ఎంత తుడిచినా పూర్వపు కాంతికి రాకుండా ఉండిపోవడం తరచుగా కనిపిస్తుంది. మెరుపునిచ్చిన రేకే ఆ రంగుకు బలహీనత కావడం దీనికి ప్రధాన కారణం.

ఏ పెయింటులోనైనా ముఖ్యంగా మూడు భాగాలుంటాయి. రంగునిచ్చే పొడి వర్ణద్రవ్యం. ఆ పొడిని పట్టి ఉంచి, ఆరాక గట్టి పొరగా మారేది బంధకం. ఈ రెండింటినీ పలుచన చేసి, పని పూర్తికాగానే గాలిలో కలిసిపోయేది ద్రావణి, అంటే వాడుకలో థిన్నర్. మెటాలిక్ పెయింటులో వీటికి తోడు అల్యూమినియం రేకలుంటాయి. ఒక్కో రేక వెడల్పు సాధారణంగా 10 నుంచి 50 మైక్రాన్లు, మందం ఒక మైక్రాన్ లేదా అంతకంటే తక్కువ. మనిషి వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుందని గుర్తుచేసుకుంటే వాటి సున్నితత్వం బోధపడుతుంది. థిన్నర్ ఆరిపోతూ పెయింటు పొర కుంచించుకుపోయే కొద్దీ ఈ రేకలు నీటి అడుగున రాలిన ఆకుల్లా వెల్లకిలా పరుచుకుని, చిన్న చిన్న అద్దాల్లా వెలుగును తిప్పికొడతాయి. ఎదురుగా చూస్తే తెల్లగా వెలిగే బానెట్ పక్కనుంచి చూస్తే నల్లబడినట్లు కనిపించడం, కారు వంపులు అంత స్పష్టంగా తేలడం ఈ అమరిక వల్లనే.

నేటి కార్లలో రేకలున్న రంగు పొరపైన క్లియర్ కోట్ అనే రంగులేని రక్షణ పొర ఉంటుంది. 1960ల నాటి మెటాలిక్ రంగులు ఎక్కువగా ఒకే పొరగా వేసినవి కాబట్టి, వాటిలోని పైవరస రేకలకూ ఎండవానలకూ మధ్య ఉన్నది అతి పలుచని బంధకం మాత్రమే. 1963 కార్వెట్‌పై వేసిన సెబ్రింగ్ సిల్వర్ రంగునే తీసుకుంటే, అది యాక్రిలిక్ ల్యాకర్. అంటే రసాయనికంగా కొత్త బంధాలేవీ ఏర్పరచుకోకుండా, కేవలం థిన్నర్ ఆవిరి కావడం వల్ల గట్టిపడే రంగు. అంతకుముందు విరివిగా వాడిన నైట్రోసెల్యులోజ్ ల్యాకర్ కూడా ఆరే తీరులో ఈ కోవకే చెందుతుంది. ఇటువంటి ల్యాకర్ సహజంగా పెళుసు కనుక, దానికి మెత్తదనం ఇవ్వడానికి ప్లాస్టిసైజర్ అనే పదార్థాన్ని కలిపేవారు. నైట్రోసెల్యులోజ్ ల్యాకర్లలో ఆముదాన్ని సైతం ఈ పనికి వాడిన సంగతి తెలుగు పాఠకులకు ఆసక్తి కలిగించవచ్చు.

ఈ ప్లాస్టిసైజర్ ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పొరను విడిచి వెళ్లిపోతుంది. మరోవైపు ఎండలోని అతినీలలోహిత కిరణాలు బంధకపు పొడవాటి అణుశృంఖలాలను తెంచుతాయి. నైట్రోసెల్యులోజ్ విషయంలో ఈ విచ్ఛిన్నం నుంచి నైట్రోజన్ ఆక్సైడులు వెలువడి, తేమతో కలిసి ఆమ్లంగా మారి, ఆ ఆమ్లమే మరింత విచ్ఛిన్నానికి దారితీస్తుంది. ఇలా పెళుసెక్కిన పొర, పగటి ఎండకు వ్యాకోచించి రాత్రి చలికి కుంచించుకునే కారు బాడీతో పాటు సాగలేక చిట్లిపోతుంది. పాత ఊరగాయ జాడీ మెరుగు మీద కనిపించే వెంట్రుకల్లాంటి పగుళ్లే కారు రంగుపైనా ఏర్పడి, తేమ లోపలికి దిగడానికి దారి ఇస్తాయి.

సాదా రంగుకూ మెటాలిక్ రంగుకూ మధ్య అసలు తేడా తేమ లోపలికి చేరిన తర్వాతనే బయటపడుతుంది. గాలి తగిలిన అల్యూమినియంపై తక్షణమే ఏర్పడే ఆక్సైడ్ పొర ఆ లోహాన్ని కాపాడుతుంది. కానీ ఆ రక్షణ పీహెచ్ విలువ సుమారు 4 నుంచి 9 వరకు ఉన్నప్పుడే నిలుస్తుంది. అల్యూమినియం ఆమ్లంలోనూ క్షారంలోనూ కరిగే లోహం కనుక, ఒకవైపు పారిశ్రామిక నగరాల ఆమ్ల వర్షం, పక్షి రెట్ట, మరోవైపు గాఢమైన సోడా సబ్బులు కూడా దానికి శత్రువులే. మందపాటి రేకుపై ఈ కరుగుదల పైపై మచ్చగా మిగిలితే, మైక్రాన్ మందం కూడా లేని రేక విషయంలో అద్దం లాంటి ఉపరితలమే గరుకుబారి, వెలుగును తిప్పికొట్టే గుణం పోయి, బూడిద రంగు మచ్చగా మారుతుంది.

యజమాని ప్రేమతో చేసే పాలిష్ కూడా ఇక్కడ హానికరం కావచ్చు. సాదా ఎరుపు కారును రబ్బింగ్ కాంపౌండ్‌తో రుద్దితే గుడ్డకు ఎర్రరంగు అంటుకుని, చచ్చిపోయిన పైపొర పోయి అడుగున ఉన్న తాజా రంగు బయటపడుతుంది. ఒకే పొరగా వేసిన వెండి రంగును అలాగే రుద్దితే గుడ్డపై నల్లని బూడిద మరక పడుతుంది. అది మురికి కాదు, కారుకు మెరుపునిచ్చిన అల్యూమినియమే. పైవరస రేకలు కోసుకుపోయి గాలికి బయటపడతాయి, కొన్ని గీసుకుపోయి కాంతి కోల్పోతాయి, పొర మందం ఒక్కోచోట ఒక్కో తీరుగా తగ్గి మేఘాల్లాంటి మచ్చలు తేలుతాయి. మొత్తం పెయింటు మందమే ఇంచుమించు 100 మైక్రాన్లయిన చోట, ప్రతి పాలిష్‌తో పోయే కొద్ది మైక్రాన్లు కూడా తిరిగిరాని నష్టమే.

పాడైన భాగానికి మాత్రమే కొత్త రంగు వేయడమూ సులభం కాదు. స్ప్రే గన్ పీడనం, థిన్నర్ ఆరే వేగం, పొర తడి, ఆనాటి గాలిలోని తేమను బట్టి రేకలు పరుచుకునే తీరు మారుతుంది కాబట్టి, రంగు డబ్బాలో అచ్చంగా కలిసినా తలుపుపై వేరుగా కనిపించవచ్చు. తర్వాతి కాలంలో క్లియర్ కోట్ రావడం, అభ్రకంపై టైటానియం డయాక్సైడ్ పూత పూసి చేసిన ముత్యపు మెరుపు ద్రవ్యాలు రావడం ఈ బలహీనతను చాలావరకు తగ్గించాయి. గూడూరు ప్రాంతపు గనుల వల్ల తెలుగువారికి చిరపరిచితమైన అభ్రకం లోహం కాదు కనుక, అల్యూమినియంలా ఆమ్లక్షారాలకు సులభంగా లొంగదు.

అందువల్ల అసలు మెటాలిక్ రంగుతో మిగిలిన కారు విషయంలో మెరిపించడం కంటే నిలబెట్టడమే ఉత్తమ మార్గం. నీడలో, తేమ అదుపులో ఉన్న చోట ఉంచడం, పక్షి రెట్టను వెంటనే నీటితో నానబెట్టి తొలగించడం, క్షారగుణం లేని సబ్బుతో కడగడం, రాపిడి లేని మైనపు పూత పూయడం వంటి చిన్న జాగ్రత్తలు రేకల ఆయుష్షును పెంచుతాయి. ఆనాటి కార్మికుడు గన్ పట్టుకున్న ఒక్క రోజున, ఆ గాలిలో, ఆ థిన్నర్ ఆరిన వేగానికి పరుచుకున్న రేకల వరస అది. కొత్త పెయింటు ఆ కారుకు మెరుపును తిరిగి ఇవ్వగలదు గానీ ఆ వరసను తిరిగి పేర్చలేదు. కాబట్టి కొంత మసకబారినా మిగిలి ఉన్న అసలు రంగును అలాగే కాపాడుకోవడం, ఆ పనితనానికి మిగిలిన ఏకైక సాక్ష్యాన్ని కాపాడుకోవడమే.