దారి చూపు యంత్రము



మా డోన్ పట్టణమునకు ద్రోణాచలమనియు పేరు కలదు. పేరునందే కొండ యున్నది. మండువేసవిలో ఈ గుట్టల నడుమ సైకిలుపై పోవువాడు బండిబాట తప్పెనేని, మరల నీటిచెలమ కనబడుటకు ఎంతదూరము పోవలయునో చెప్పలేము. అట్టివారు చేతిలో నిముడు జి.పి.యస్. యంత్రమును ఎట్లు ఎన్నుకొనవలయునో నేడు విన్నవింతును.

సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున తిరుగు ఉపగ్రహములు తమ స్థానమును, కాలమును ఎల్లప్పుడు చాటుచుండును. ఆ పలుకు ఎంత ఆలస్యముగా చేరినదో లెక్కించి యంత్రము తన ఉనికిని గ్రహించును. ఇందులకు నాలుగు ఉపగ్రహములైనను అగపడవలెను: మూడు స్థలమునకు, నాల్గవది యంత్రములోని గడియారపు దోషమును సవరించుటకు. పూర్వము అమెరికా ప్రభుత్వము సామాన్యజనులకు బుద్ధిపూర్వకముగా కొంత తప్పును కలిపి యిచ్చెడిది. 2000 మే నెలలో దానిని మానిన పిదప ఆరుబయట కొద్ది మీటర్ల తేడాతో ఉనికి తెలియుచున్నది. ఆకాశము కనబడనిచోట మాత్రము ఈ యంత్రము మూగదే. బెలుం గుహలలో ఇది పనికిరాదు. నల్లమల చెట్లక్రింద తడబడును.

ఫోను ఉండగా వేఱొకటి యేల యని యువకులడుగుదురు. పట్టణములో అక్కఱలేదు. ఎండలో ఫోను తెఱ వెలవెలబోవును. వేడెక్కి తనంతట ఆగిపోవుటయు కలదు. ప్రత్యేకయంత్రపు తెఱ సూర్యకాంతినే ఆధారముగా గొని కనబడును. గార్మిన్ సంస్థవారి ఈట్రెక్స్ తరగతిలో పెక్కు యంత్రములు రెండు ఏ.ఏ. బ్యాటరీలతో నడచును, అవి పల్లె చిల్లరకొట్టులోను దొరకును. నా మతమున గుణములన్నిటిలో ఇదియే ప్రధానము. తాకుడు తెఱకంటె మీటలు మేలు, చెమటచేతికిని లొంగును. ఐ.పి.ఎక్స్.7 అను గుర్తున్నది మీటరు లోతు నీటిలో అరగంట యున్నను చెడదందురు. మన సీమలో అంతనీరు దొరకుటయే అరుదు! దిక్సూచి లేని యంత్రము కదలుచున్నప్పుడే దిక్కు చెప్పును, నిలిచిన చెప్పజాలదు. కావున కూడలిలో నిలిచి యోచించువానికి దిక్సూచి కలదియే తగును.

అంకెలయందు జాగ్రత్త వలయును. డోన్ అక్షాంశము సుమారు 15.40. అనగా 15 డిగ్రీల 24 నిమిషములు. దానిని 15 డిగ్రీల 40 నిమిషములని యంత్రమున కెక్కించినచో సుమారు 30 కిలోమీటర్లు ఉత్తరమునకు, కర్నూలుదారిలో సగము దాటి పోవుదుము. పటములయందును ఇట్టి చిక్కు కలదు. లాంబ్టన్ 1802లో మద్రాసున ఆరంభించిన సర్వే, మాకు చేరువనున్న 78వ రేఖాంశము వెంబడి ఉత్తరమునకు సాగినది. ఆ పరంపరలోని పాతపటములు ఎవరెస్టు కొలతను, యంత్రములు డబ్ల్యు.జి.యస్.84ను అనుసరించును. రెంటికిని కొన్ని వందల అడుగుల తేడా. బావిని వెదకువానికి అది చాల దూరము. యంత్రమున ఈ కొలతను మార్చు అమరిక యున్నదో లేదో కొనునపుడే చూడుడు.

విదేశములందలి బిడ్డలు ప్రేమతో పంపు యంత్రములలో ఉపగ్రహమునకు సందేశము పంపగలవి కొన్ని కలవు. ప్రభుత్వానుమతి లేక వానిని మనదేశమున వాడుట చట్టవిరుద్ధము; పట్టుబడినవారును కలరు. గ్రహించుట మాత్రమే చేయుదానిని తెప్పించుకొనుడు. బయలుదేరుటకు మున్ను ఇంటిని, దారిలోని చేదబావులను అందు గుర్తించి, వచ్చినదారినే వెనుకకు నడిపించు అమరికను ఊరిపొలిమేరలో ఒకమాఱు పరీక్షించి చూచుకొనుడు.