దూరము నెరిగిన నాయకులు

హైదరాబాదు నగరమునకు దక్షిణముగా, ఆరాంఘర్ చౌరస్తా దాటి, గగన్‌పహాడ్ మీదుగా శంషాబాదును, తిమ్మాపురమును, కొత్తూరును ఒరసికొనుచు షాద్‌నగరునకు సాగిపోవు బెంగుళూరు రహదారి పగటివేళ లారీలది, బస్సులది. కాని ఆదివారము తెల్లవారకమునుపే, విమానాశ్రయపు దీపము లింకను వెలుగుచుండగనే, ఆ దారి అంచున ఎఱ్ఱని చిన్న దీపములు వరుసగా సాగిపోవుట కానవచ్చును. అవి సైకిళ్ల వెనుక దీపములు. హెల్మెట్లు పెట్టుకొని, వెలుతురు పడినంతనే మెఱయు పట్టీల జాకెట్లు తొడుగుకొని పోవు ఆ స్త్రీపురుషులలో వైద్యులును వ్యాపారులును లేకపోలేదు గాని, మాదాపూరు, గచ్చిబౌలి కార్యాలయములలో పదిమందినో ఏబదిమందినో వెంటబెట్టుకొని పనిచేయించు టీమ్ లీడులును, మేనేజర్లును, సొంతముగా స్టార్టప్ పెట్టుకొని అప్పుసప్పులతో నెట్టుకొని వచ్చుచున్న యువకులును వారిలో గణనీయముగా నున్నారు. వారమంతయు అమెరికా గడియారమును, హైదరాబాదు గడియారమును రెంటిని కొలుచుచు అలసిన మనిషి, దొరికిన ఒక్క సెలవుదినమున నిదుర మాని రెండువందల కిలోమీటర్లు సైకిలు తొక్కుటకు ఏల బయలుదేరునని ఇంటివారు విస్తుపోవుట సహజమే. ఈ ప్రశ్నకు సాధారణముగా వచ్చు సమాధానము పట్టుదల, మొండితనము అనునది. నా దృష్టిలో అది సత్యమునకు చాల దూరము. సుదూర క్రీడలు నాయకునకు నేర్పునది మొండితనము గాదు, పొదుపు. శక్తిని ఎప్పుడు ఎంత వెచ్చింపవలెనో, ఎప్పుడు చేయి బిగబట్టవలెనో తెలియు పొదుపు.

షాద్‌నగరు ఈ ముచ్చటకు తగిన చోటనియే చెప్పవలెను. రైలుస్టేషను, అంగళ్లు, వ్యవసాయపు ఊళ్లు చుట్టునున్న చిన్న పట్టణమని దానిని పైపైన చూచువారు తలంతురు గాని, 1979 నాటినుండి ఉపగ్రహములు పంపు చిత్రములను అందుకొను జాతీయ దూరసంవేదన సంస్థవారి భూకేంద్ర మిచటనే కలదు. చెంతనున్న ఎలికట్ట గ్రామమున మైక్రోసాఫ్ట్ 48 ఎకరముల భూమిని కొనినది. కంప్యూటరు లోకము నగరపు పడమటి అంచునుండి దక్షిణమునకు పాకుచున్న ఈ కాలమున, ఆ లోకమును నడుపువారు సెలవునాడు చెమటోడ్చు దారియు ఇదియే యగుట విశేషము.

హైదరాబాదున ఈ సుదూర క్రీడల సంస్కృతి నిన్న మొన్న పుట్టినదియే. హైదరాబాద్ రన్నర్స్ అను సంఘము 2007లో ఏర్పడినది. నగరపు మారథాన్ 2011లో మొదలైనది. ఆగస్టు నెల చివరి వారములలో, వాన ముసురి గాలి తేమతో బరువెక్కియున్న వేళ, నెక్లెస్ రోడ్డున పరుగు నారంభించి, ఫ్లైఓవర్లను ఎక్కుచు దిగుచు, ఐ.టి. భవనముల నడుమనుండి గచ్చిబౌలి క్రీడాప్రాంగణమును చేరు 42 కిలోమీటర్ల దారి అది. తేమగాలిలో చెమట ఆరదు, ఆరని చెమట దేహమును చల్లబరుపదు. కావున ఇచట పరుగెత్తువాడు చలిదేశపు కాలపట్టికను తెచ్చి దానివెంట పడినచో సగము దారిలోనే కూలబడును.

సైకిలువారి ఆచారము మఱింత విచిత్రము. వారు బి.ఆర్.ఎం. అనియు బ్రెవే అనియు పిలుచు ఈ యాత్ర ఫ్రాన్సు దేశమున పుట్టి లోకమంతట వ్యాపించినది. దూరము 200, 300, 400, 600 కిలోమీటర్లు. గడువు వరుసగా పదమూడున్నర, ఇరువది, ఇరువదియేడు, నలుబది గంటలు. ఒకే సంవత్సరములో ఈ నాలుగింటిని ముగించినవానికి సూపర్ రాండొన్యూరు అను బిరుదు లభించును. 1891లో మొదలై, ఇప్పుడు నాలుగేండ్ల కొకమారు జరుగుచున్న పారిస్-బ్రెస్ట్-పారిస్ యాత్ర వీరందఱి కల. అది 1200 కిలోమీటర్లు, గడువు గరిష్ఠముగా 90 గంటలు.

బ్రెవే నియమములను కొంత నిదానముగా చూడవలెను. బయలుదేరునప్పుడు ప్రతివానికి ఒక చిన్న అట్ట కార్డు ఇత్తురు. దారిలో కొన్ని మజిలీలు. వానిని కంట్రోలు లందురు. ఒక్కొక్క కంట్రోలు ఫలానా వేళకు తెఱచుననియు, ఫలానా వేళకు మూసివేయుననియు కార్డుపై వ్రాసియుండును. మనుష్యులు కూర్చుండి ముద్ర వేయు కంట్రోళ్లు కొన్ని. మనుష్యులు లేనిచోట ఏ పెట్రోలు బంకు రసీదో, ఏటీఎం చీటియో సాక్ష్యము. నడిరేయి రహదారి ప్రక్కనున్న చాయ్ బండి చెంత సైకిలు ఆపి, వేడి చాయ్ గుక్కలో దించుకొని, "అన్నా, జర ఈ కార్డు మీద సంతకం పెట్టి టైము రాయవా" అని నాయకులవారు బతిమాలుకొనుటయు, చాయ్ అమ్మునాతడు చేయి తువాలుతో తుడుచుకొని, గడియారమును చూచి, అక్షరములు కూడబలుకుకొని వ్రాయుటయు ఈ యాత్రలలో సామాన్య దృశ్యము. పగలు కార్యాలయమున ఎన్నో సంతకములు చేయువానికి రాత్రి ఆ ఒక్క సంతకము ప్రాణప్రదము.

కంట్రోలు మూసివేయు వేళ అందఱకు అర్థమగునదే. గంటకు సుమారు 15 కిలోమీటర్ల సగటునైనను నిలుపుకొనని యెడల యాత్ర చెల్లదు. తెఱచు వేళయే కొత్తవారికి వింత. మొదటి 200 కిలోమీటర్లలో గంటకు 34 కిలోమీటర్లకు మించిన సగటుతో వచ్చువాడు తలుపు తెఱచువఱకు వేచియుండవలసినదే! ఎంత వేగముగా వచ్చినను ఫలము లేదు. యాత్ర ముగిసిన పిమ్మట ప్రకటించు జాబితాలో మొదటివాడు, రెండవవాడు అను మాట యుండదు. పేర్లు అక్షరక్రమమున నుండును. దారిలో ఎవరును వెంట వాహనము తెచ్చుకొని సాయము పొందరాదు. టైరు పగిలినను, గొలుసు తెగినను ఎవరి చేతులు వారికి దిక్కు. ఐనను ప్రక్కవాని టైరు పగిలినచో ఆగి పంపు అందించుట మర్యాదగా నిలిచియున్నది. కార్యాలయములలో ర్యాంకులకును రేటింగులకును అలవాటుపడిన మనుష్యులు, ర్యాంకులు లేని ఈ ఆటలో ఇంత సుఖము పొందుట ఆలోచింపదగిన విషయము.

ఇక దేహమున జరుగు లెక్క. మన కండరములలోను కాలేయములోను గ్లైకోజెన్ రూపమున నిలువయుండు పిండిపదార్థపు శక్తి సుమారు 2000 కేలరీలు. పరుగెత్తువానికి దేహపు బరువులో కిలో ఒక్కింటికి, కిలోమీటరు ఒక్కింటికి రమారమి ఒక కేలరీ ఖర్చగును. కావున 65 కిలోల మనిషి మారథాన్ ముగించుటకు 2700 కేలరీలు పైబడి కావలెను. నిలువ చాలదన్నమాట. లోటును కొవ్వు పూరింపవలెను, త్రోవలో తిను తిండి పూరింపవలెను. అయితే కొవ్వు నిదానముగా కరగు ఇంధనము. వేగము పెరిగినకొలది దేహము పిండిపదార్థమునే అధికముగా కాల్చును. మొదటి పది కిలోమీటర్లు ఉత్సాహముతో ఉరికినవాడు ముప్పదవ కిలోమీటరు చెంత ఒక్కసారిగా కాళ్లు సీసమైనట్లు నిలిచిపోవుటకు కారణ మిదియే. మూలధనమును మొదటి ఆఱు నెలలలో అద్దాల కార్యాలయమునకును ప్రకటనలకును ఊడ్చిపెట్టిన స్టార్టప్ రెండవ ఏట జీతములకు తడుముకొనుట కూడ ఇట్టిదే కదా! అభ్యాసమువలన కణములలో ఇంధనమును మండించు మైటోకాండ్రియాలు పెరిగి కొవ్వును కాల్చు నేర్పు హెచ్చును. కాని ఆ మార్పు జరుగునది పరుగులో గాదు, పరుగు పిదపనున్న విశ్రాంతిలో. నిదుర చెడగొట్టుకొని ఎంత పరుగెత్తినను దేహము బలపడదు. ఈ ఒక్క సంగతి బుద్ధికెక్కిన మేనేజరు, అర్ధరాత్రి రెండుగంటలవఱకు టీమును కూర్చుండబెట్టుటను ఘనకార్యముగా చెప్పుకొనడని నా విశ్వాసము.

సాఫ్ట్‌వేరు పెద్దలును ఈ సత్యమును తమ దారిలో కనుగొనిరి. ఐ.బి.ఎం.లో ఓ.ఎస్./360 అను మహాకార్యమును నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్, ఆలస్యమైన ప్రాజెక్టునకు మనుష్యులను చేర్చిన కొలది అది మఱింత ఆలస్యమగునని 1975లో వెలువరించిన గ్రంథమున స్థాపించెను. 2001 ఫిబ్రవరిలో యూటా రాష్ట్రపు మంచుకొండలలో పదునేడుగురు నిపుణులు సమావేశమై వెలువరించిన అజైల్ ప్రకటన వెంటనున్న సూత్రములలో, పనివారును పని చేయించువారును ఎంతకాలమైనను ఒకే నడకను నిలుపుకొనగలుగవలెనను సూత్ర మొకటి కలదు. ఇవి మన కార్యాలయపు గోడలపై అంటించియున్నవి; ఆచరణ మాత్రము రిలీజు తేదీ దగ్గరపడిన వెంటనే గాలికి పోవును. సూత్రమును చదివినవాడు మఱచును. ముప్పదవ కిలోమీటరున కూలబడినవాడు మఱవడు.

సాఫ్ట్‌వేరు కొలువును, దేహసాహసమును ఒకే జీవితమున చూపిన తెలుగువాని పేరు అడిగినచో నేను మల్లి మస్తాన్‌బాబు పేరు చెప్పుదును. నెల్లూరు జిల్లాలోని గాంధీ జనసంఘమను పల్లెలో 1974లో జన్మించి, కోరుకొండ సైనికపాఠశాలలో చదివి, జంషెడ్‌పూరున ఇంజనీరింగును, ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లో పై చదువును ముగించి, సత్యం కంప్యూటర్స్‌లో సాఫ్ట్‌వేరు ఇంజనీరుగా పనిచేసి, పిదప కలకత్తా ఐ.ఐ.ఎం.లో నిర్వహణశాస్త్రమును అభ్యసించిన ఆయన, 2006లో ఏడు ఖండముల అత్యున్నత శిఖరములను 172 దినములలో అధిరోహించెను. ఆ కాలమున అంతటి స్వల్పకాలములో ఆ కార్యమును సాధించినవాడు మఱొకడు లేడు. జనవరి 19న అంటార్కిటికాలో విన్సన్, ఫిబ్రవరి 17న అకన్‌కాగువా, మార్చి 15న కిలిమంజారో, ఏప్రిల్ 1న కోజియస్కో, మే 21న ఎవరెస్టు, జూన్ 13న ఎల్‌బ్రస్, జూలై 10న డెనాలీ. ఈ ఏడు దినములును వారములోని ఏడు వేర్వేరు రోజులు. ఎవరెస్టు ఆదివారమున, డెనాలీ సోమవారమున.

ఈ పట్టికను మెచ్చుకొని విడిచిపెట్టుట సులభము. దానిని ప్రాజెక్టు ప్రణాళికగా చదువుట మేలు. అంటార్కిటికాలోని కొండను ఎక్కుటకు దక్షిణార్ధగోళపు వేసవి కావలెను, అనగా జనవరి. ఎవరెస్టుపై గాలి తగ్గి ఋతుపవనము రాకముందు దొరకు కొలది దినములు మే నెలలోనివి. అలాస్కాలోని డెనాలీకి జూలై దాటినచో అదను పోవును. ఒక కొండపై జాప్యమైనచో తరువాతి కొండ చేజారును. ఎత్తునకు అలవాటుపడిన దేహము ఆ అలవాటును కోల్పోకముందే మఱొక ఎత్తును చేరవలెను. విమానము, అనుమతి, డబ్బు అన్నియు ఆ గడువులకు అమరవలెను. కండబలము అందఱు పర్వతారోహకులకు నుండును. ఏది ఏదానిపై ఆధారపడియున్నదో ముందుగా కూర్చుండి విడదీసి చూచు బుద్ధి మాత్రము ఇంజనీరుది.

2015 మార్చిలో, అర్జెంటీనా చిలీ దేశముల సరిహద్దునగల ట్రెస్ క్రూసెస్ సూర్ శిఖరమునకు ఒంటరిగా వెళ్లిన మస్తాన్‌బాబు తిరిగి రాలేదు. ఏప్రిల్ మొదటి వారమున ఆయన దేహము లభించినది. నాకు ఆ ధీరునిపట్ల గల గౌరవము ఇసుమంతయు తగ్గదు. ఐనను టీమును నడుపువారు ఇచట ఒక క్షణము ఆగవలసియున్నది. తన ప్రాణమును పణముగా పెట్టు హక్కు ప్రతివానికి కలదు; ప్రక్కవాని దేహమును పణముగా పెట్టు హక్కు ఏ నాయకునకును లేదు. ఈ క్రీడలవలన మేనేజర్లకు పట్టు దోషములలో నేను మిక్కిలి భయపడునది ఇదియే: నాలుగు గంటలకు లేచి పరుగెత్తి తొమ్మిదింటికి కార్యాలయమునకు వచ్చునాతడు, చిన్నబిడ్డ తల్లియైన సహోద్యోగిని అలసినానన్నప్పుడు, ఆమెను బలహీనురాలిగా లెక్కించుట. ఆయన తెల్లవారుజాము ఇంటిలో మఱొకరు మోయు బరువుపై ఆధారపడియున్నది. పాలు కాచువా రెవరు, పిల్లలను బస్సెక్కించువా రెవరు? ఈ లెక్క వ్రాయని శిక్షణపట్టిక ఎంత శాస్త్రీయమైనను అసమగ్రమే. ఇంజనీరింగు చదివి సొంత సంస్థను స్థాపించి, 2009లో కెనడాలో మూడు దినములలో 10 కిలోమీటర్ల ఈత, 420 కిలోమీటర్ల సైకిలు, 84 కిలోమీటర్ల పరుగు గల అల్ట్రామ్యాన్‌ను ముగించిన అను వైద్యనాథన్ వంటి స్త్రీలు మనకు మఱింతమంది కానరాకుండుటకు కారణము కాళ్లలో లేదు, ఇండ్లలో నున్నది.

మంచి గుణము కూడ ఒకటి నేను గమనించితిని. నలుబది గంటల బ్రెవేకు పోవు నాయకుడు ఫోనును సంచిలో పెట్టి, సర్వరు చెడినచో ఎవరిని లేపవలెనో, ఎవరికి ఏ అధికారము కలదో వ్రాసి ఒప్పగించి పోవలెను. మొదటిసారి అది ఆయనకు ప్రాణసంకటము. రెండవసారికి టీములోని చిన్నవారు తామే నిర్ణయములు గైకొనుట ఆరంభింతురు. తాను లేనిచో పని నడువదను భ్రమ ఈ విధముగా తొలగుట, వేలు పోసి పొందు నాయకత్వ శిక్షణలకంటె ప్రయోజనకరము.

కొత్తగా ఆశపడు వారికి చెప్పవలసినవి కొన్నియే. నలుబదేండ్లు దాటినవారును, ఇంటిలో మధుమేహమో గుండెజబ్బో ఉన్నవారును ముందుగా వైద్యుని కలసి గుండెపరీక్ష చేయించుకొనవలెను. మాటాడుచు పరుగెత్తగలిగినంత వేగమే మొదటి మాసముల వేగము. నీళ్లు మాత్రమే అతిగా త్రాగినచో రక్తమున ఉప్పు పలుచబడి ప్రాణాపాయము కలుగవచ్చును. దారిలో ఉప్పు వేసిన మజ్జిగయో, ఓ.ఆర్.ఎస్. నీరో అందుకే. నిదుర కనులతో సైకిలు తొక్కుట సాహసము గాదు, అపరాధము. బస్సుషెల్టరు అరుగుపై ఇరువది నిమిషములు పడుకొని లేచువాడే తెలివైనవాడు.

ప్రభుత్వమును అడుగవలసినదియు ఒకటి కలదు. 2023 అక్టోబరు 1న ఔటర్ రింగురోడ్డు వెంబడి నానక్‌రాంగూడ, నార్సింగి, కొల్లూరు ప్రాంతములలో సౌరఫలకముల నీడన 23 కిలోమీటర్ల సైకిలు దారిని తెఱచిరి. ఎండకు వానకు వెఱవక, లారీల భయము లేక తొక్కుటకు తగిన దారి అది. కాని అది నగరపు పడమటి అంచున నిలిచిపోయినది. శంషాబాదునుండి కొత్తూరు మీదుగా షాద్‌నగరువఱకు, ఉదయమున పరిశ్రమలకు సైకిలుపై పోవు కూలీలును, బడికి పోవు పిల్లలును, ఆదివారపు బ్రెవే యాత్రికులును ఒకే తెల్లగీత ఇవతల, లారీల గాలికి ఊగుచు పోవుచున్నారు. నాయకులైనవారు తమ మొదటి అర్జీని ఆ కూలీల పక్షమున పెట్టుకొన్నచో, అధికారుల చెవికి అది త్వరగా సోకునని తోచుచున్నది.