కంచె దాటిన కుందేలు

నీలం కోటు, ఇత్తడి గుండీలు, నిక్కబొడుచుకున్న చెవులు... నూరేళ్లు దాటినా వన్నె తగ్గని ఆ కుందేలు బొమ్మ ఇప్పుడు మన దేశంలో ఏ ఒక్కరి సొత్తూ కాదు. అందరిదీ!

1893 సెప్టెంబరు 4. స్కాట్లాండ్‌లో సెలవులు గడుపుతున్న ఇరవై ఏడేళ్ల అమ్మాయి ఉత్తరం రాయడానికి కూర్చుంది. ఒకప్పుడు తనకు పాఠాలు చెప్పిన టీచరమ్మ కొడుకు నోయెల్‌కి ఒంట్లో బాగాలేదు. అయిదేళ్ల పిల్లాడికి ఏం రాయాలో తోచక, నాలుగు కుందేలు పిల్లల కథ అల్లి, పక్కనే బొమ్మలు గీసి పంపింది. ఆమె బియాట్రిక్స్ పాటర్. ఆ ఉత్తరంలోంచి పుట్టిందే ‘ద టేల్ ఆఫ్ పీటర్ రాబిట్’.

కొన్నేళ్లకు దాన్ని పుస్తకం చేద్దామనుకుంది. నోయెల్ ఉత్తరాన్ని భద్రంగా దాచుకోబట్టి సరిపోయింది, అడిగి తెచ్చుకుంది. ప్రచురణకర్తలేమో వద్దన్నారు. పసి చేతుల్లో ఇమిడేంత చిన్న పుస్తకమే కావాలని ఆమె పట్టు. చివరికి 1901 డిసెంబరులో సొంత ఖర్చుతో 250 ప్రతులు అచ్చు వేయించింది. మరుసటి ఏడాది ఫ్రెడరిక్ వార్న్ సంస్థ రంగుల్లో వేసిన 8 వేల ప్రతులు విడుదలకు ముందే చెల్లిపోయాయి.

కోటు ఊడితే నాలుగు కాళ్లు

పీటర్‌ని కాస్త దగ్గరగా చూడండి. కోటు తొడుక్కున్నప్పుడు రెండు కాళ్ల మీద నిలబడి ముల్లంగి నమిలే ఆకతాయి పిల్లాడు. తోటమాలి వెంటపడితే బూట్లు ఊడిపోతాయి, పరుగు నాలుగు కాళ్ల మీదికి వస్తుంది. గుండీలు వలలో చిక్కుకుంటే కోటు వదిలేస్తాడు. ఇక మిగిలేది అచ్చమైన కుందేలే. వెన్ను వంపూ, వెనక కాళ్ల పొడవూ ఎక్కడా గీత తప్పదు. ఊరికే రాలేదు ఆ పట్టు. పాటర్, ఆమె తమ్ముడు ఇంట్లో కుందేళ్లు, ఎలుకలు, గబ్బిలాలు పెంచారు. చనిపోయిన వాటి ఎముకల్నీ వదలకుండా బొమ్మలు గీశారు. ఈ పీటర్ కూడా ఆమె పెంపుడు కుందేలే.

అచ్చు పద్ధతీ కలిసొచ్చింది. 1865లో ‘ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్’ కథకు జాన్ టెనియల్ గీసిన తెల్ల కుందేలును చెక్క దిమ్మెల మీద చేత్తో చెక్కితే తప్ప అచ్చుకెక్కలేదు. పాటర్ నాటికి మూడు రంగుల ముద్రణ వచ్చింది. ఆమె కుంచె విదిల్చిన నీటిరంగు పలచదనం కాగితం మీదికి దిగింది.

ఎవరి గడువు ఎప్పటిదాకా?

మన చట్టం ప్రకారం, బతికుండగా అచ్చయిన బొమ్మకు చిత్రకారుడు పోయాక మరో 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. పాటర్ 1943లో కన్నుమూసింది కాబట్టి 2004 జనవరి 1 నుంచి ఆమె బొమ్మలు ఇక్కడ పబ్లిక్ డొమైన్, అంటే అందరి సొత్తు. బ్రిటన్‌లో గడువు 70 ఏళ్లు కావడంతో అక్కడివాళ్లు 2014 దాకా ఆగాల్సి వచ్చింది.

‘పాతదే కదా’ అనుకుంటే బోల్తా పడతాం. 1926 నాటి ‘విన్నీ ద పూ’ అమెరికాలో 2022లోనే స్వేచ్ఛ పొందింది. బొమ్మలు వేసిన షెపర్డ్ 1976 దాకా బతికాడు కాబట్టి మన దగ్గర ఆ బొమ్మలకు 2036 చివరి వరకూ కాపీరైట్ ఉంటుంది. చందమామకు వడ్డాది పాపయ్య వేసిన ముఖచిత్రాలకూ ఇదే లెక్క. ఆయన వెళ్లిపోయింది 1992లో. ఇంకో మెలిక: కాపీరైట్ తీరినా పాత్రల పేర్ల మీద ట్రేడ్‌మార్కులు ఉండొచ్చు. సరుకు మీద వేసి అమ్మాలనుకునేవారు అది చూసుకోవాలి.

ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్, ఇంటర్నెట్ ఆర్కైవ్ వెబ్‌సైట్లలో పాటర్ పాత పుస్తకాలు పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. వాటిలోని బొమ్మల్ని బడి గోడకు అతికించండి. ఆ బొమ్మలకు మీ పిల్లల చేత తెలుగులో కొత్త కథ రాయించండి. కింద మాత్రం గీసినవారి పేరు రాయడం మరవకండి.