సూయజ్ సాహసము – బాధ్యులెవరు?

ఉద్యోగపర్వము చదివిన ప్రతి విద్యార్థికిని ఒక సందేహము కలుగును. కురుక్షేత్రమునకు బాధ్యుడెవరు? దుర్యోధనుడని చెప్పుట సులభము. కాని సింహాసనముమీద కూర్చున్నవాడు ధృతరాష్ట్రుడు. సభలో తలవంచుకొని ఉండిపోయినవారు భీష్మద్రోణులు. విదురుడు చెప్పవలసినది చెప్పినాడు, వినవలసినవారు వినలేదు. ఈ ప్రశ్నను మన ఇతిహాసము ఎన్ని వైపులనుండి త్రిప్పి చూచినదో, పౌరశాస్త్ర పాఠ్యగ్రంథములు అందులో పదవ వంతయినను చూడలేదు. తరగతిలో మనము ‘మంత్రివర్గపు సమష్టి బాధ్యత’ అని ఒక్క వాక్యము చెప్పి ముందునకు సాగిపోవుదుము. ఆ వాక్యమునకు నిజమైన పరీక్ష 1956లో, అది పుట్టిపెరిగిన బ్రిటనులోనే జరిగినది.

ఆ సంవత్సరము జూలై 26న ఈజిప్టు అధ్యక్షుడు గమాల్ అబ్దుల్ నాసర్ అలెగ్జాండ్రియాలో ప్రసంగించుచు సూయజ్ కాలువ కంపెనీని జాతీయము చేసినట్లు ప్రకటించెను. అస్వాన్ ఆనకట్టకు ఇచ్చెదమన్న ఋణసహాయమును అమెరికా అంతకు వారము ముందే ఉపసంహరించుకొనియుండెను. వాటాదారులకు పరిహారమిచ్చెదనని నాసర్ చెప్పినాడు. ఓడల రాకపోకలు ఆగలేదు. అయినను, ఆ రాత్రి లండనులో ఇరాకు రాజు ఫైజలునకు విందు చేయుచున్న ప్రధాని ఆంథొనీ ఈడెన్‌కు ఆ వార్త పిడుగుపాటయినది. ఈడెన్ సామాన్యుడు కాడు. ముస్సోలినీతో రాజీ బేరములు సాగించు విషయమున ప్రధానితో విభేదించి, 1938లో విదేశాంగమంత్రి పదవిని వదలుకొన్నవాడు. నాసర్‌లో ఆయనకు మరియొక ముస్సోలినీ కనిపించెను. ఒకప్పుడు తనకు కీర్తి తెచ్చిన పాఠమునే ఆయన తప్పుచోట అప్పజెప్పినాడని నా అభిప్రాయము.

ఆగస్టులో లండనులో 22 దేశముల సమావేశము జరిగెను. మన దేశము పక్షమున వి.కె. కృష్ణమేనన్ ఒక మధ్యేమార్గమును సూచించెను, అది నెగ్గలేదు. అయినను బేరసారములు తెగిపోలేదు. అక్టోబరు 13న ఐక్యరాజ్యసమితి భద్రతామండలి కాలువ నిర్వహణకు ఆరు సూత్రములను ఏకగ్రీవముగా ఆమోదించెను. సంధికి తలుపు తెరచుకొన్నట్లే ఉండెను.

మరునాడు, ప్రధాని గ్రామీణ విడిది యైన చెకర్స్‌కు పారిస్ నుండి ఇద్దరు అతిథులు వచ్చిరి. వారిలో ఒకడు జనరల్ మోరిస్ షాల్. ఆయన తెచ్చిన పథకము ఇది: ఇజ్రాయెల్ సినాయి ఎడారిమీదుగా ఈజిప్టుపై దాడి చేయవలెను, అప్పుడు బ్రిటన్, ఫ్రాన్సులు శాంతిరక్షకులవలె వచ్చి, ఇరుపక్షములును కాలువనుండి వైదొలగవలెనని శాసింపవలెను, ఈజిప్టు సహజముగా ఒప్పుకొనదు, ఆ నెపముతో కాలువను ఆక్రమింపవలెను. బిడ్డను గిల్లి తొట్టె నూపుట అని మనవారు అనునది ఇదియే. ఈడెన్‌కు ఈ ఉపాయము నచ్చినది.

అక్టోబరు 22 మొదలు 24 వరకు పారిస్ శివారులోని సేవ్ర్ అనుచోట, ఒక ప్రైవేటు భవనములో, రహస్య సమావేశము జరిగెను. ఇజ్రాయెల్ ప్రధాని బెన్ గురియన్, సేనాధిపతి మోషే దయాన్ వచ్చిరి. ఫ్రెంచి ప్రధాని గీ మొల్లే, విదేశాంగమంత్రి పినో ఆతిథేయులు. బ్రిటిష్ విదేశాంగమంత్రి సెల్విన్ లాయిడ్ మొదటినాడు మారుపేరు మనిషివలె వచ్చి, రాత్రికి వెడలిపోయెను. చివరినాడు ఆయనకు బదులుగా పాట్రిక్ డీన్ అను ఉన్నతోద్యోగి వచ్చినాడు. మాట మీద నమ్మకము లేని బెన్ గురియన్ కోరికపై ఒప్పందమును ఫ్రెంచి భాషలో టైపు చేయించి, మూడు ప్రతులపై సంతకములు పెట్టిరి. డీన్ కూడ పెట్టినాడు. ప్రతిని తెచ్చి చూపగా ఈడెన్ నిర్ఘాంతపోయెను. కాగితముండునని ఆయన ఊహింపనే లేదు! మరునాడే డీన్‌ను మరల పారిస్‌కు పంపి, ప్రతులన్నిటిని నాశనము చేయుడని కోరెను. ఫ్రెంచివారు అంగీకరింపలేదు. ఇజ్రాయెల్ ప్రతి అప్పటికే సముద్రము దాటినది. లండనులోని ప్రతి మాత్రము మాయమైనది.

యుద్ధకథ క్లుప్తము. అక్టోబరు 29న ఇజ్రాయెల్ దాడి, 30న పండ్రెండు గంటల గడువుతో తాకీదు, 31న ఈజిప్టు విమానాశ్రయములపై బాంబులు. నవంబరు 5, 6 తేదీలలో పోర్టు సయీదులో సేనల అవతరణ. పౌనుపై ఒత్తిడి పెరిగెను, అమెరికా ఆదుకొనలేదు. నవంబరు 6 అర్ధరాత్రికి కాల్పులు నిలిచిపోయెను. పిమ్మట ఐక్యరాజ్యసమితి సేన అచటకు వెళ్లెను; అందులో భారతీయ సైనికులును ఉండిరి.

ఇక బాధ్యత మాట. మొదటి ముద్దాయి ఈడెన్ అనుటలో తగవు లేదు. కాని ఆయన ఒక్కడే చేసినాడా? అక్టోబరు 23 నాటి మంత్రివర్గ సమావేశపు నివేదికలోనే, పారిస్‌లో ఇజ్రాయెల్ ప్రతినిధులతో రహస్య సంభాషణలు జరిగినవను ప్రస్తావన కలదు. 25న, ఇజ్రాయెల్ దాడి చేసినచో జోక్యము చేసికొనుటకు మంత్రులు సూత్రప్రాయముగా అంగీకరించిరి. సంతకములైన కాగితమును గురించి వారందరికి చెప్పలేదు, నిజమే. సగము చెప్పినారు, తక్కిన సగము అడుగుటకు ఎవరికిని నోరు రాలేదు. తెలియలేదనుట ఒకటి, తెలిసికొన నిచ్చగింపలేదనుట మరియొకటి. న్యాయస్థానములో ఈ భేదము చెల్లునేమో గాని, దేశమును యుద్ధములోనికి దింపు బల్లవద్ద చెల్లరాదు.

న్యాయ సలహా విషయము ఇంతకంటె విచిత్రము. విదేశాంగశాఖ న్యాయసలహాదారు జెరాల్డ్ ఫిట్జ్‌మోరిస్ బలప్రయోగమునకు చట్టసమ్మతి లేదని మొదటినుండి చెప్పుచుండెను. ఆయనను దూరముగా ఉంచిరి. అటార్నీ జనరల్ కూడ సమర్థింపలేకపోయెను. లార్డ్ చాన్సలర్ కిల్మ్యూర్ సమర్థించినాడు. ఆయన మాటయే నిలిచెను. వినదలచిన మాట చెప్పువాడు దొరకువరకు వెదకుట రాజసభలకు క్రొత్త కాదు.

పార్లమెంటు సంగతి? అక్టోబరు 30న కామన్స్ సభ 270 – 218 ఓట్లతో ప్రభుత్వమును బలపరచెను. ఓటు వేసినవారు బాధ్యులు కారా యని అడుగవచ్చును. కాని వారికి సత్యము చెప్పలేదు. ఇజ్రాయెల్‌తో ముందస్తు ఒడంబడిక ఏదియు లేదని 31న లాయిడ్ సభలో పలికెను. డిసెంబరు 20న ఈడెన్, ఇజ్రాయెల్ దాడి చేయునని ముందుగా తెలియదని చెప్పెను. సభకు అసత్యము చెప్పినవాడు తన పాపమును సభ్యులతో పంచుకొను హక్కును పోగొట్టుకొనును. అందుచేత ఆ 270 మందిని నేను తేలికగా విడిచిపెట్టుదును, మంత్రులను విడిచిపెట్టలేను.

ముఖ్యముగా ఆర్థికమంత్రి హారొల్డ్ మాక్మిలన్‌ను. బలప్రయోగమునకు మిక్కిలి తొందరపెట్టినవారిలో ఆయన ముఖ్యుడు. పౌను జారిపోవుచుండగా ఆపివేయవలెనని పట్టుబట్టిన ముఖ్యుడును ఆయనయే. 1957 జనవరి 9న అనారోగ్య కారణముపై ఈడెన్ రాజీనామా చేసెను. మరునాడు ప్రధాని అయినవాడు మాక్మిలన్! లాయిడ్ 1960 వరకు విదేశాంగమంత్రిగానే కొనసాగెను. డీన్ తరువాతి కాలమున వాషింగ్టనులో రాయబారి అయ్యెను. సమష్టి బాధ్యత యనగా ఒకడు ఇంటికి పోవుటయు, తక్కినవారు మెట్టు పైకెక్కుటయు నని పాఠము చెప్పిన విద్యార్థులు నవ్వరా?

ఫ్రాన్సులో ఆ ప్రశ్నయే లేవలేదు. మొల్లే ప్రభుత్వము 1957 మే నెలలో పడిపోయినది గాని, అది సూయజ్ కారణమున కాదు.

రాజీనామా చేసినవారు లేకపోలేదు. విదేశాంగశాఖ సహాయమంత్రి ఆంథొనీ నటింగ్, ఆర్థికశాఖలోని ఎడ్వర్డ్ బాయిల్ తప్పుకొనిరి. నటింగ్‌కు చెకర్స్ పథకము తెలియును. అయినను సభలో లేచి కారణము చెప్పలేదు. తన గ్రంథమును 1967లో గాని ప్రకటింపలేదు. అంతకు ముందే రక్షణమంత్రి వాల్టర్ మాంక్టన్ ఆ శాఖను వదలుకొన్నను మంత్రివర్గములోనే ఉండిపోయెను. నౌకాదళాధిపతి మౌంట్‌బాటెన్ దండయాత్రను ఆపివేయుడని ఈడెన్‌కు జాబు వ్రాసి, ఆజ్ఞ వచ్చినందున ఓడలను నడిపించెను. సైనికుని ధర్మము వేరు, అతనిని తప్పుపట్టలేము. కాని నటింగ్ పదకొండేండ్లు ముందుగా మాటాడియుండినచో అన్న తలంపు నన్ను విడువదు.

ఈ యుద్ధముపై బ్రిటనులో ఎట్టి బహిరంగ విచారణయు జరుగలేదు. ఇరాకు విషయమున అట్లు కాలేదు. 2003 మార్చి 18న కామన్స్ సభ 412 – 149 ఓట్లతో ఆ యుద్ధమునకు అనుమతినిచ్చెను. ముందునాడు రాబిన్ కుక్ మంత్రిపదవి వదలుకొని, సభలోనే నిలిచి కారణములు చెప్పినాడు. 2009లో ఆరంభమైన చిల్కాట్ సంఘపు నివేదిక 2016 జూలై 6న వెలువడినది. సుమారు 26 లక్షల మాటలు. శాంతిమార్గములన్నియు అంతరింపకముందే యుద్ధమునకు దిగిరని అది తేల్చినది. యుద్ధము చట్టసమ్మతమా కాదా అను మాట చెప్పుట తమ పని కాదనియు ఆ సంఘమే చెప్పినది. సూయజ్‌లో కాగితములు లేవు. ఇరాకులో కాగితములు కొల్లలు. రెండింటిలోను యుద్ధము తెచ్చిన ప్రధానికి శిక్ష లేదు. కాని రెండవదానిలో, ఎవరు ఏనాడు ఏమి తెలిసి ఏమి చెప్పినారో పౌరుడు చదువుకొనవచ్చును. ఈ భేదము చిన్నది కాదని నేననుకొందును.

ఈడెన్ స్మృతుల సంపుటము 1960లో వెలువడినప్పుడు అందులో సేవ్ర్ పేరు లేదు. ఆయన 1977లో మరణించెను. లాయిడ్ వ్రాసిన సూయజ్ గ్రంథము ఆయన చనిపోయిన 1978లో ప్రకటింపబడెను. అందులో తన పారిస్ ప్రయాణమును ఆయన ఒప్పుకొనినాడు. మాక్మిలన్ దినచర్యలో ఆ నెలల పుటలు లేవు. ఇజ్రాయెల్‌లో భద్రముగా దాగియున్న ప్రతి 1996లో, నలువది యేండ్లకు, లోకమునకు వెల్లడియైనది. దాని చివర డీన్ సంతకము స్పష్టముగా ఉన్నది.